పాత పెట్రోల్ ఎస్టేట్‌లో డీజిల్ ఇంజిన్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారం ఒక్కటే. పాత పెట్రోల్ ఎస్టేట్ కారు (వెనక సామాన్ల చోటు మీదికి కూడా పైకప్పు సాగే పొడవాటి కారు) ఉంది, బాడీ గట్టిగా ఉంది, ఇంజిన్ మార్చి డీజిల్ పెట్టాలి. అందుకే ఈ శీర్షిక మొత్తం ఆ పనికే ఇచ్చేశాం. ఇంజిన్ దించడం, ఎక్కించడం ఈ పనిలో తేలికైన భాగం. బండిని నెలల తరబడి షెడ్డులో నిలబెట్టేవి దాని చుట్టూ ఉండే పైపులు, వైర్లు, వాక్యూమ్, గేర్ల లెక్క. జవాబుల్లో వాటికే ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: ఏ డీజిల్ ఇంజిన్ ఎంచుకోవాలి? కొత్త తరం కామన్ రైల్ ఇంజిన్ (అన్ని నాజిళ్లకూ ఒకే పైపు నుంచి ఎక్కువ పీడనంతో డీజిల్ అందేది) పెట్టొచ్చా?

మీ కారు బాడీలోనే కంపెనీ డీజిల్ మోడల్ కూడా అమ్మిందేమో ముందు చూడండి. అమ్మి ఉంటే ఇక వెతకక్కర్లేదు. మెర్సిడెస్ 124 ఎస్టేట్‌లో పెట్రోల్ ఎం 102, ఎం 103 ఇంజిన్లు కూర్చున్న చోటే ఓఎం 602, ఓఎం 603 డీజిళ్లూ కూర్చున్నాయి. బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కి గేర్‌బాక్స్ కలిసే గంట ఆకారపు గూడు) బోల్టుల వరస కూడా ఒకటే. సిట్రోయెన్ బీఎక్స్‌లో పెట్రోల్ ఎక్స్‌యూ, డీజిల్ ఎక్స్‌యూడీ ఒకే కుటుంబానికి చెందినవి. ఫోక్స్‌వ్యాగన్‌లో 1.8 పెట్రోల్, 1.9 డీజిల్ ఇంజిన్లకు గేర్‌బాక్స్ బోల్టులు ఒకే వరసలో ఉంటాయి. వోల్వో 240లో 1979 నుంచి ఫోక్స్‌వ్యాగన్ వారి 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ వచ్చింది. దాని శక్తి 82 హార్స్ పవర్. అంత బరువైన ఎస్టేట్‌ని అది నిదానంగానే లాగుతుంది, ఆ సంగతి తెలిసే పెట్టుకోండి.

కంపెనీ డీజిల్ ఉన్న బాడీ అయితే ఇంజిన్ ఫౌండేషన్లు, రేడియేటర్, ముందు స్ప్రింగులు, సైలెన్సర్ మొదటి పైపు, యాక్సిలరేటర్ కేబుల్ అన్నీ రెడీమేడ్‌గా దొరుకుతాయి. ఇంజిన్ ఒక్కటే కొనకండి. బతికున్న డీజిల్ బండిని మొత్తంగా కొని విప్పుకోవడమే మంచిది. విడిగా కొన్న ఇంజిన్‌కి ఒక బ్రాకెట్, ఒక పుల్లీ, ఒక రిలే అంటూ వెతుక్కునే సరికి ఓపిక అయిపోతుంది.

ఆ కుటుంబం దాటి బయటికి వెళ్లాలంటే ముందు నాజిళ్లకు డీజిల్ కొట్టే పంపు ఏ రకమో చూడండి. మెకానికల్ గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం) ఉన్న రోటరీ వీఈ పంపు, లేదా ఇన్‌లైన్ పంపు అయితే ఇంజిన్ నడవడానికి పెద్ద వైరింగ్ అక్కర్లేదు. ఆపే సొలెనాయిడ్‌కి ఒక 12 వోల్టుల వైరు, హీటర్ ప్లగ్గులకు (చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి సిలిండర్‌ని వేడిచేసేవి) ఒక రిలే చాలు. 1990ల నాటి ఫోక్స్‌వ్యాగన్ 1.9 టీడీఐ టర్బో డీజిల్‌లో పంపు బాడీ వీఈ రకమే అయినా లోపల ఎలక్ట్రానిక్ కంట్రోల్. దానికి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), పెడల్ సెన్సార్, బ్రేక్ స్విచ్, క్లచ్ స్విచ్ అన్నీ కావాలి. కొన్నింటికి సరైన తాళం లేకపోతే స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ కూడా ఉంటుంది. బ్రేక్ స్విచ్ సిగ్నల్ సరిగా అందకపోతే ఈసీయూ ఫాల్ట్ రాసుకుని పవర్ తగ్గించేస్తుంది. చాలామంది టర్బో పోయిందేమోనని తల బద్దలుకొట్టుకునేది ఇక్కడే.

కామన్ రైల్ కార్లలోకి 1997లో వచ్చింది. రైల్ పీడనం తొలి తరంలోనే 1350 బార్. పెట్టకూడదని కాదు. అయితే ఆ బండి వైరింగ్ మొత్తం, తాళం, మీటరు, పెడల్ అన్నీ పాత బాడీలోకి మార్చగలిగితేనే దానికి చెయ్యి పెట్టండి. ఇంటి దగ్గర సామాన్లతో చేసేవారికి మా సలహా మెకానికల్ పంపు ఇంజినే.

కొనేముందు కంప్రెషన్ చూడండి. పెట్రోల్ గేజ్ పనికిరాదు, 40 బార్ వరకు చూపే డీజిల్ గేజ్ కావాలి. పైన చెప్పిన 1.9 టీడీఐకి మంచి స్థితిలో 25 నుంచి 31 బార్ రావాలి. 19 దాకా దిగిందంటే ఇంజిన్ విప్పాల్సిందే. సిలిండర్ల మధ్య తేడా 5 బార్ మించకూడదు. వేరే ఇంజిన్ అయితే దాని మాన్యువల్ అంకెలే చూసుకోండి. మెర్సిడెస్ ఓఎం 606 లాంటి 24 వాల్వుల ఇంజిన్ తీసుకుంటుంటే హీటర్ ప్లగ్గులు ముందే కదులుతున్నాయో లేదో చూడండి. మసి పట్టి బిగుసుకుపోయిన ప్లగ్గు తిప్పితే విరిగి హెడ్‌లోనే ఉండిపోతుంది. ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడు, పట్టు విడిపించే నూనె పోసి, కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ తిప్పుతూ తీయాలి.

ప్రశ్న: ఇంజిన్ బానెట్ కింద పడుతుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

పొడవు ఒక్కటే కొలిచి మోసపోకండి. ఎక్కువగా అడ్డం పడేది ఆయిల్ చాంబర్. పెట్రోల్ ఇంజిన్ చాంబర్ లోతు వెనక ఉంటే, డీజిల్‌ది ముందు ఉండి నేరుగా క్రాస్ మెంబర్ (ఇంజిన్ కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం) మీద కూర్చోవచ్చు. అలాంటప్పుడు అదే ఇంజిన్ కుటుంబంలో వ్యాన్‌కో జీప్‌కో వచ్చిన చాంబర్ వెతకండి. చాంబర్ మారిస్తే దాంతోపాటు ఆయిల్ పీల్చే గొట్టం కూడా మార్చాలి. పాత గొట్టం అలాగే ఉంచితే లోతున్న చోట ఆయిల్ ఉంటుంది, గొట్టం వేరే చోట ఉంటుంది. అప్పుడు మలుపులో ప్రెషర్ పడిపోతుంది.

ఆపై చూడాల్సినవి స్టీరింగ్ కాలమ్ పక్కన టర్బో, బ్రేక్ బూస్టర్ పక్కన ఇన్‌టేక్, బానెట్ కింద నాజిల్ పైపులు. ఇంజిన్ నిలిచి ఉన్నప్పుడు చుట్టూ కనీసం 20 మి.మీ., ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య 25 మి.మీ. ఉండాలి. ఎందుకంటే గేర్‌లో లాగుతున్నప్పుడు డీజిల్ బాగా పక్కకు ఒరుగుతుంది. అనుమానమున్న చోట బంకమట్టి ముద్ద పెట్టి బానెట్ మూసి తెరిచి చూడండి. మట్టి ఎంత మందం మిగిలిందో అంతే ఖాళీ. క్యాబిన్ గోడ వైపు టర్బో పైపు ఉంటే బ్రేక్ పైపులకు, వైర్లకు వేడి తగలకుండా రేకు కవచం పెట్టడం మరవకండి.

ప్రశ్న: పాత పెట్రోల్ గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఉంచుకోవచ్చా? అడాప్టర్ ప్లేటు చేయిస్తే చాలా?

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. గేర్‌బాక్స్ బలం ఒకటి, గేర్ల లెక్క ఇంకొకటి.

బలం సంగతి ముందు. పాత 2 లీటర్ల ఎనిమిది వాల్వుల పెట్రోల్ ఇంజిన్ టార్క్ సాధారణంగా 150 నుంచి 170 న్యూటన్ మీటర్లు. 110 హార్స్ పవర్ టీడీఐ 1900 ఆర్‌పీఎం దగ్గరే 235 ఇస్తుంది. గేర్‌బాక్స్‌ని పాడుచేసేది హార్స్ పవర్ కాదు, ఈ టార్క్. అందులోనూ అది ఒక్కో సిలిండర్ కొట్టే దెబ్బలుగా వస్తుంది. వీలైతే డీజిల్ గేర్‌బాక్స్‌నే తెచ్చుకోండి. ముందు చక్రాలతో నడిచే బండి అయితే అది తప్పనిసరి అనే అనుకోండి. ఆ బళ్లలో క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్ నిష్పత్తిని నిర్ణయించే పళ్ల జత) కూడా గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది కాబట్టి రెండు సమస్యలూ ఒకే దెబ్బతో తీరతాయి.

అడాప్టర్ ప్లేటు (ఇంజిన్‌కీ వేరే గేర్‌బాక్స్‌కీ మధ్య బిగించే పలక) చేయించాల్సి వస్తే లేత్ పని నాణ్యతే అంతా. క్రాంక్ ఫ్లాంజ్‌కి డయల్ గేజ్ బిగించి, బెల్ హౌసింగ్ గుండ్రటి అంచు మీద దాని ముల్లు ఆనించి ఇంజిన్‌ని ఒక చుట్టు తిప్పండి. మొత్తం తేడా 0.2 మి.మీ. దాటకూడదు. అసలు పక్కకు జరిగినది ఆ అంకెలో సగం. దాటితే ఇన్‌పుట్ షాఫ్ట్ రోజూ వంగుతూ తిరుగుతుంది. మొదట ఆ షాఫ్ట్ కొనని క్రాంక్ దగ్గర పట్టుకునే పైలట్ బేరింగ్ అరుస్తుంది, తర్వాత గేర్‌బాక్స్ ముందు బేరింగ్, ఆ తర్వాత క్లచ్ ప్లేటు బాస్ (షాఫ్ట్ మీద కూర్చునే మధ్య భాగం) పగులుతుంది. సరిచేశాక డోవెల్ పిన్నులు తప్పకుండా పెట్టండి. బోల్టులు బిగిస్తాయి కానీ స్థానం నిలపవు.

ప్లేటు మందం వల్ల ఇన్‌పుట్ షాఫ్ట్ అంతే వెనక్కి జరుగుతుంది. దాని కొన పైలట్ బేరింగ్‌ని అందుకుంటోందా, క్లచ్ ప్లేటు స్ప్లైన్ పూర్తిగా పట్టిందా, రిలీజ్ బేరింగ్‌కి సరైన ఎత్తు ఉందా అని మూడూ కొలవండి. పెట్రోల్ బండి క్లచ్ ప్లేటునే వాడితే మొదటి ఎత్తు మీదే జారుతుంది. డీజిల్ ప్రెషర్ ప్లేటు తీసుకుని, ప్లేటు మధ్య బాస్ మాత్రం మీ గేర్‌బాక్స్ స్ప్లైన్‌కి తగ్గది పెట్టించుకోండి. సెల్ఫ్ మోటార్ డీజిల్‌దే ఉండాలి. దాని పళ్లు ఫ్లైవీల్ రింగ్‌తో ఎంత లోతుకు కలుస్తున్నాయో చూసుకుని, ప్లేటులో దానికి చోటు వదలాలి.

ఇక గేర్ల లెక్క. డీజిల్ 4500 దగ్గర ఆగిపోతుంది, పెట్రోల్ 6000 దాకా వెళ్తుంది. ఒక ఉదాహరణ చూడండి. 195/65 ఆర్ 15 టైరు ఒక చుట్టుకి సుమారు 1.93 మీటర్లు వెళ్తుంది. టాప్ గేర్ నిష్పత్తి 0.80, డిఫరెన్షియల్ 3.91 అనుకుంటే 1000 ఆర్‌పీఎంకి గంటకు 37 కి.మీ. వేగం. అంటే గంటకు 100 కి.మీ. దగ్గర ఇంజిన్ 2700 తిరుగుతుంది. అదే డిఫరెన్షియల్ 3.31 అయితే 1000 ఆర్‌పీఎంకి 43.7 కి.మీ., 100 దగ్గర 2290. డీజిల్ మోత, తాగుడు రెండూ ఆ తేడాతోనే తగ్గుతాయి. పాత 3.91 ఉంచేస్తే మొదటి గేర్ కూడా రోడ్డు దాటేలోపే అయిపోతుంది. మొదటి గేర్ 3.6 అయితే 4500 దగ్గర వేగం 37 కి.మీ. మాత్రమే.

డిఫరెన్షియల్ మార్చేవారు చాలామంది మరిచిపోయేది స్పీడోమీటర్. గేర్‌బాక్స్ నుంచి కేబుల్ తిరిగే బండి అయితే, 3.91 నుంచి 3.31కి మారిన తర్వాత అసలు వేగం 100 ఉన్నప్పుడు ముల్లు 85 దగ్గరే నిలబడుతుంది. గేర్‌బాక్స్ లోపలి స్పీడో పినియన్ పళ్ల సంఖ్య మార్చాలి, లేదా కేబుల్ మధ్యలో నిష్పత్తి గేర్ పెట్టాలి.

ఆటోమేటిక్ బళ్లకు ఒక్క మాట. పెట్రోల్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పై గేరుకి మారే వేగాలు 6000 దాకా తిరిగే ఇంజిన్‌ని చూసి పెట్టినవి. డీజిల్ వెనక పెడితే పూర్తి పెడల్ మీద పై గేరు పడదు. డీజిల్ ఆటోమేటిక్‌తో సహా మార్చండి, లేదా మాన్యువల్‌కి వెళ్లండి.

ప్రశ్న: ఇంజిన్ ఎక్కించాం. స్టార్ట్ అవుతుంది, ఒక నిమిషం నడిచి ఆగిపోతుంది. పొద్దున్నే అయితే చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. పంపు రిపేరు చేయించాలా?

పంపు జోలికి వెళ్లకండి. ఇవి గాలి లాగుతున్న లక్షణాలు. పెట్రోల్ ఇంజెక్షన్ బండిలో ట్యాంకు దగ్గర పంపు పెట్రోల్‌ని ముందుకు నెడుతుంది. గొట్టాల్లో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది, ఎక్కడైనా వదులైతే పెట్రోల్ బయటికి చెమ్మగా కనబడుతుంది. డీజిల్‌లో వీఈ పంపు ట్యాంకు నుంచి తానే పీలుస్తుంది. గొట్టంలో శూన్యం ఉంటుంది కాబట్టి వదులైన చోట డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది. బయట పొడిగా ఉంటుంది, తప్పు కనబడదు.

ఇలా వెతకండి. పంపు ఇన్‌లెట్ దగ్గర ఒక పారదర్శక గొట్టం ముక్క పెట్టి ఇంజిన్ నడపండి. బుడగలు కనిపిస్తే గాలి వస్తున్నట్టే. తర్వాత పంపు కంటే ఎత్తులో ఒక శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, ట్యాంకు గొట్టం విడదీసి ఆ డబ్బా నుంచి నేరుగా ఇవ్వండి. రిటర్న్ గొట్టం కూడా అదే డబ్బాలోకి పెట్టండి. ఇప్పుడు ఆగకుండా నడిస్తే ఇంజిన్, పంపు నిర్దోషులు. తప్పు డబ్బాకీ ట్యాంకుకీ మధ్య ఉంది. అక్కడి నుంచి ఒక్కో జాయింట్‌ని వెనక్కి పట్టుకుంటూ పోండి. పాత రబ్బరు గొట్టాలన్నీ డీజిల్‌కి తగినవి వేసి మార్చడమే చివరికి చవక.

ట్యాంకులో పాత పెట్రోల్ పంపు అలాగే ఉండిపోయిందేమో కూడా చూడండి. ఆగిపోయిన పంపు గుండా డీజిల్ పీల్చడం కష్టం. దాన్ని తీసేసి నేరుగా గొట్టం వెయ్యండి. గొట్టం లోపలి వ్యాసం 8 మి.మీ. ఉండాలి. పీల్చే దూరం ఎక్కువై సాయం కావాలంటే 0.2 నుంచి 0.4 బార్ ఇచ్చే చిన్న లిఫ్ట్ పంపు పెట్టండి. పెట్రోల్ ఇంజెక్షన్ పంపు 3 బార్‌తో నెడుతుంది, దాన్ని వీఈ పంపుకి కలిపితే షాఫ్ట్ సీలు కారడం మొదలవుతుంది. రిటర్న్ గొట్టం మూసుకుపోయినా అదే జరుగుతుంది.

వీఈ పంపులో ఇంకొక ఉచ్చు ఉంది. ఇన్‌లెట్, రిటర్న్ బాంజో బోల్టులు (లోపల బోలుగా ఉండి డీజిల్ పోనిచ్చే బోల్టులు) చూడడానికి ఒకేలా ఉంటాయి. రిటర్న్ బోల్టు తల మీద ‘అవుట్’ అని ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది, లోపల సూది మొన లాంటి రంధ్రం ఉంటుంది. విప్పి కడిగేటప్పుడు అవి తారుమారైతే పంపుకి డీజిల్ అందదు. మీ లక్షణాలు సరిగ్గా ఇలాగే కనబడతాయి. రెండు నిమిషాల పని, ముందు అదే చూడండి.

గాలి తీయడం: చేతి పంపు లేదా రబ్బరు బల్బ్‌తో ఫిల్టర్ నిండే దాకా కొట్టండి. సొలెనాయిడ్‌కి కరెంటు వస్తోందని చూసుకోండి. రెండు నాజిళ్ల పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి, 15 సెకన్లు సెల్ఫ్ కొట్టి, ఒక నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. డీజిల్ బుడగల్లేకుండా చిమ్మగానే బిగించండి. చెయ్యి దూరంగా ఉంచండి, ఆ చిమ్మే ధార చర్మంలోకి దిగిపోతుంది. ఈ పద్ధతి పాత పంపులకే. కామన్ రైల్ పైపు నట్టు ఇంజిన్ తిరుగుతుండగా ఎన్నడూ విప్పకూడదు.

ట్యాంకు కడగకుండా పెట్టి ఉంటే ఫిల్టర్ త్వరలో మూసుకుంటుంది. పాత పెట్రోల్ వదిలిన జిగురుని డీజిల్ కరిగించి తీసుకొస్తుంది. నీరు వేరుచేసే ఫిల్టర్ పెట్టి, మొదటి 500 కి.మీ.కి ఒకసారి మార్చండి. ట్యాంకులోనూ పైపుల్లోనూ రాగి, జింకు పూత ఉన్నవి వాడకండి. అవి డీజిల్‌ని పాడుచేసి జిగురు తయారుచేస్తాయి. అన్‌లెడెడ్ పెట్రోల్ కోసం చేసిన బండి అయితే పోసే మూతి ఇరుకుగా ఉంటుంది, డీజిల్ గన్ అందులో పట్టదు. ఆ ఇరుకు రింగు తీసేయండి. మూత మీద పెద్దక్షరాలతో ‘డీజిల్’ అని రాయడం మాత్రం మర్చిపోవద్దు.

ప్రశ్న: బ్రేక్ పెడల్ రాయిలా గట్టిగా ఉంది. పైగా తాళం తీసినా ఇంజిన్ ఆగడం లేదు. మెర్సిడెస్ 300 టీఈలో (124 పెట్రోల్ ఎస్టేట్) ఓఎం 603 పెట్టాం.

రెండింటికీ కారణం వాక్యూమే. పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ (గాలి దారిని మూసి తెరిచే రేకు) మూసుకుంటే మానిఫోల్డ్‌లో శూన్యం ఏర్పడుతుంది, బ్రేక్ బూస్టర్ దాంతోనే పనిచేస్తుంది. డీజిల్‌కి థ్రాటిల్ లేదు, మానిఫోల్డ్‌లో శూన్యమూ లేదు. అందుకే ఇంజిన్ మీద విడిగా వాక్యూమ్ పంపు ఉంటుంది. బూస్టర్ గొట్టాన్ని ఆ పంపుకే కలపాలి. మధ్యలో ఒక దిక్కుకే గాలి పోనిచ్చే వాల్వు బాణం గుర్తు పంపు వైపు ఉండాలి. గేజ్ పెడితే ఐడ్లింగ్‌లో 0.7 బార్ శూన్యం త్వరగా రావాలి. ఇంజిన్ ఆపాక రెండు మూడుసార్లు పెడల్ తొక్కడానికి శూన్యం మిగలాలి.

తాళం సంగతి ఆ ఇంజిన్‌కే ప్రత్యేకం. ఓఎం 601 నుంచి 603 దాకా ఇంజిన్‌ని ఆపేది కరెంటు కాదు, వాక్యూమ్. డీజిల్ బండి ఇగ్నిషన్ లాక్ వెనక ఒక వాక్యూమ్ వాల్వు ఉంటుంది. తాళం తీయగానే అది తెరుచుకుని పంపు మీది ఆపే డబ్బీకి శూన్యం పంపుతుంది. మీ పెట్రోల్ బండి లాక్‌కి ఆ వాల్వు లేదు. డీజిల్ స్టీరింగ్ లాక్ తెచ్చి పెట్టండి. లేదా కరెంటు పోగానే తెరుచుకునే సొలెనాయిడ్ వాల్వు ఒకటి ఆ గొట్టం దారిలో పెట్టి ఇగ్నిషన్‌కి కలపండి. ఇప్పటికైతే బానెట్ తెరిచి పంపు దగ్గర ఉన్న ‘స్టాప్’ మీటని చేత్తో నొక్కి ఆపండి. తర్వాత ఎప్పుడైనా ఇంజిన్ ఆగడానికి ఆలస్యం చేస్తే ఎక్కడో వాక్యూమ్ లీకు ఉందని గుర్తు. ఈ బండిలో డోర్ల సెంట్రల్ లాకింగ్‌కి విడిగా ఎలక్ట్రిక్ పంపు ఉంటుంది, దాన్ని అనుమానించక్కర్లేదు. డోర్‌లో చిరిగిన ఒక రబ్బరు డబ్బీ ఇంజిన్‌ని ఆగనివ్వకపోవడం దీనికి ముందరి 123 మోడల్‌లో చూస్తాం!

ప్రశ్న: ఆర్‌పీఎం మీటర్ పనిచేయదు. హీటర్ ప్లగ్గులకు ఎంత వైరు వేయాలి? పాత బ్యాటరీ చాలా?

పాత మీటర్‌కి సిగ్నల్ ఇగ్నిషన్ కాయిల్ నుంచి వచ్చేది. ఇప్పుడు కాయిల్ లేదు. డీజిల్‌లో ఆల్టర్నేటర్ మీది ‘డబ్ల్యూ’ టెర్మినల్ నుంచి తీసుకుంటారు. కానీ అంకెలు కలవవు. నాలుగు సిలిండర్ల పెట్రోల్‌లో 3000 ఆర్‌పీఎంకి కాయిల్ సెకనుకు 100 సార్లు కొడుతుంది. ఆల్టర్నేటర్ పుల్లీ నిష్పత్తి 2.2 అయితే అది 6600 తిరుగుతుంది. ఆరు జతల ధ్రువాలున్న ఆల్టర్నేటర్ నుంచి సెకనుకు 660 అలలు వస్తాయి. ఆరున్నర రెట్లకు మించిన తేడా ఇది. డీజిల్ మీటర్ పెట్టండి, లేదా తగ్గించి పంపే కన్వర్టర్ వేయండి.

హీటర్ ప్లగ్గు మొదటి క్షణాల్లో 20 ఆంపియర్ల పైన లాగి, వేడెక్కాక 10-12కి దిగుతుంది. నాలుగు ప్లగ్గులకు మొదట 80 నుంచి 100 ఆంపియర్లు అన్నమాట. బ్యాటరీ నుంచి నేరుగా 16 చదరపు మి.మీ. వైరు, దారిలో 80 ఆంపియర్ల పట్టీ ఫ్యూజ్, దానికి తగ్గ రిలే ఉండాలి. మామూలు హెడ్‌లైట్ రిలే పెడితే కాంటాక్టులు అతుక్కుపోయి ప్లగ్గులు ఆరకుండా కాలిపోతాయి.

పాత 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ చాలదు. 70కి తగ్గకండి. సెల్ఫ్ వైరు 35 చదరపు మి.మీ. ఉండాలి, ఇంజిన్ బ్లాక్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ వైరు కూడా అంతే మందం. సెల్ఫ్ కొడుతుండగా మోటార్ దగ్గరే 9.6 వోల్టులు ఉంటే మంచిది. బ్యాటరీ ప్లస్ నుంచి మోటార్ దాకా 0.5 వోల్టు కంటే ఎక్కువ పడితే వైరో కనెక్షనో తప్పు.

ప్రశ్న: ఐడ్లింగ్‌లో అద్దాలు, సీట్లు అన్నీ వణుకుతున్నాయి. ఫౌండేషన్ రబ్బర్లు కొత్తవే.

కొత్తవి సరే, ఎవరివి? పెట్రోల్ రబ్బర్లు డీజిల్ ఊపుని ఆపలేవు. పాలీయురేథేన్ లాంటి గట్టివి పెట్టి ఉంటే ఇంకా ఘోరం. అవి ఇంజిన్ కదలకుండా పట్టుకుని ఆ ఊపునంతా బాడీకి పంపుతాయి. డీజిల్ మోడల్ రబ్బర్లు, దానికి ద్రవం నింపినవి వచ్చి ఉంటే అవే వెయ్యండి. అయినా తగ్గకపోతే ఏదో ఒక చోట ఇనుము ఇనుముకి తగులుతోంది. సైలెన్సర్ పైపు, క్లచ్ కేబుల్ గొట్టం, ఏసీ పైపు ఒక్కొక్కటే చేత్తో కదిపి చూడండి. 850 దాకా ఐడ్లింగ్ పెంచితే తేడా ఉందా చూడండి. ఒక నాజిల్ నట్టు వదులు చేసినా శబ్దం మారకపోతే ఆ సిలిండర్ పని చేయడం లేదు, అది రబ్బర్ల తప్పు కాదు.

వెనక చక్రాల బండిలో వణుకు ఐడ్లింగ్‌లో కాక 60-80 కి.మీ. మధ్య వస్తుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం కొలవండి. గేర్‌బాక్స్ వాలు, డిఫరెన్షియల్ వాలు సమానంగా, ఎదురెదురుగా ఉండాలి. ఒక్కో జాయింట్ కోణం 3 డిగ్రీలకు లోపల ఉంచండి.

ప్రశ్న: ముందు భాగం కిందికి దిగింది. స్ప్రింగులు మార్చాలా?

మార్చాలి. ఇనుప బ్లాక్ డీజిల్ అదే సైజు పెట్రోల్ కంటే 30 నుంచి 60 కిలోలు బరువు ఉండడం మామూలే, దానికి పెద్ద బ్యాటరీ తోడు. డీజిల్ మోడల్ స్ప్రింగులు వెయ్యండి. తర్వాత చక్రాల అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించండి. రంపంతో కోసి సరిపెట్టిన స్ప్రింగులతో ఈ బరువు మోయించకండి. బ్రేకులు కూడా డీజిల్ మోడల్‌వో, పెద్ద ఇంజిన్ మోడల్‌వో ఉంటే మంచిది.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ సంగతి పని అయ్యాక చూసుకోవచ్చా?

వద్దు. ఇంధనం రకం, ఇంజిన్ నంబరు రెండూ మారుతున్నాయి. మీ దగ్గరి రవాణా అధికారులు అసలు ఒప్పుకుంటారా, ఏ సంవత్సరపు పొగ ప్రమాణం అడుగుతారు అని ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పాలి. కాదంటే డీజిల్ మోడల్ బండినే కొనుక్కోవడం నయం. కేవలం ఇంధన ఖర్చు తగ్గాలన్నదే మీ ఉద్దేశమైతే, ఒప్పుకున్నా మేం చెప్పేది అదే.

ప్రశ్న: మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ అదుపు తప్పి పరిగెడుతుందని అంటారు. ఎందుకలా? ఏం చేయాలి?

డీజిల్‌కి దొరికిన ఏ నూనె అయినా ఇంధనమే. టర్బో సీలు పోయి ఆయిల్ ఇన్‌టేక్‌లోకి వచ్చినా, బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌కి పంపేది) నుంచి ఆయిల్ పీల్చినా, ఇంటర్‌కూలర్‌లో పాత ఆయిల్ నిలిచి ఉన్నా ఇంజిన్ దాన్నే కాల్చుకుంటూ వేగం పెంచుకుంటుంది. అప్పుడు తాళం తీసినా ప్రయోజనం లేదు, ఎందుకంటే నాజిల్ నుంచి వచ్చేది కాదు అది. పంపు తిరిగి బిగించేటప్పుడు ర్యాక్ (డీజిల్ మోతాదుని నిర్ణయించే కడ్డీ) ఇరుక్కున్నా ఇంజిన్ ఇలాగే పరిగెడుతుంది.

అందుకే మొదటిసారి ఎయిర్ ఫిల్టర్ పైపు తీసేసి, టర్బో మూతి కంటే పెద్దదైన మందపాటి ప్లైవుడ్ లేదా ఇనుప పలక చేతికి అందేలా పెట్టుకోండి. పరిగెడితే మూతి మీద అదిమి పట్టి గాలి ఆపేయాలి. అరచెయ్యి, గుడ్డ వద్దు. గుడ్డని టర్బో లోపలికి లాగేస్తుంది, వేళ్లు కూడా దక్కవు. మాన్యువల్ గేర్ బండిలో ఇంకొకరు సీట్లో ఉండి, బ్రేక్ పూర్తిగా తొక్కి, టాప్ గేర్‌లో క్లచ్ వదిలేస్తే చాలావరకు ఆగుతుంది. బండి ముందు, ఫ్యాన్ వరసలో ఎవరూ నిలబడకూడదు.

స్టార్ట్ చేసే ముందు ఇంటర్‌కూలర్ కడిగి ఆరబెట్టండి. టర్బో ఆయిల్ ఇన్‌లెట్‌లో కొద్దిగా ఆయిల్ పోసి చేత్తో తిప్పండి. ఆపే సొలెనాయిడ్ వైరు తీసి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరే దాకా సెల్ఫ్ కొట్టండి, ఆ తర్వాతే వైరు పెట్టండి. టర్బో నుంచి ఆయిల్ తిరిగి వచ్చే గొట్టం ఎక్కడా పైకి వంగకుండా నేరుగా చాంబర్‌లోకి జారాలి. వంగిన చోట ఆయిల్ నిలిస్తే బాగున్న సీలు నుంచి కూడా ఇన్‌టేక్‌లోకి కారుతుంది. స్టార్ట్ అయ్యాక మొదటి నిమిషం యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, స్టాప్ మీట దగ్గరే చెయ్యి ఉంచి వినండి.